బ్యానర్ మీద రెండో వరుస: ఒక ఫుట్‌బాల్ అభిమాని దుఃఖం, కేస్ స్టడీ

దుఃఖంలో ఉన్నవాళ్లతో పనిచేసే కౌన్సెలర్‌ని నేను. నా దగ్గరికి ఎక్కువగా వచ్చేది తల్లినో తండ్రినో, భర్తనో భార్యనో, బిడ్డనో పోగొట్టుకున్నవాళ్లు. జీవితంలో ఒక్కసారి కూడా మాట్లాడని మనిషి కోసం నిద్ర పోగొట్టుకుని వచ్చేవాళ్లు తక్కువ. ఈ కేసు రాయడానికి అదొక్కటే కారణం కాదు. ఇందులో మొదటి నెలన్నర నేను తప్పు చోట తవ్వాను. ఎందుకు తవ్వానో రాసిపెడితే ఇంకో కౌన్సెలర్‌కి పనికొస్తుందనిపించింది. క్లయింట్ అనుమతి తీసుకున్నాను. క్లబ్, ఊరు, సంవత్సరాలు తీసేశాను. గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను.

నేపథ్యం

క్లయింట్ యాభై దాటిన మనిషి. ఉద్యోగం, భార్య, ఎదిగిన కొడుకు. మానసిక సమస్యలకి ఎప్పుడూ చికిత్స తీసుకోలేదు. తొమ్మిదేళ్ల వయసులో నాన్న వెంట మొదటిసారి స్టేడియానికి వెళ్లాడు. అప్పట్నుంచి అదే క్లబ్, అదే స్టాండ్. ముప్పై ఏళ్లకు పైగా సీజన్ టికెట్ మానలేదు. ప్రతి మ్యాచ్‌కీ జట్టు పేర్లు, స్కోరు, ఒక వాక్యం వ్యాఖ్య నోట్ పుస్తకాల్లో రాసుకునే అలవాటు ఉంది. ఈ పుస్తకాల సంగతి తర్వాత వస్తుంది.

చనిపోయిన వ్యక్తి ఆ క్లబ్‌కి పదేళ్లకు పైగా సెంటర్ బ్యాక్‌గా, అంటే గోల్ ముందు కాపు కాసే డిఫెండర్‌గా ఆడాడు. కెప్టెన్‌గా కప్పు ఎత్తాడు. చాలా ఏళ్ల తర్వాత అదే క్లబ్‌కి మేనేజర్‌గా, అంటే జట్టుని నడిపే కోచ్‌గా వచ్చాడు. మొదటి సీజన్ పర్వాలేదు, రెండోది కష్టంగా గడిచింది. మూడో సీజన్ మధ్యలో జట్టు కింది లీగ్‌కి జారిపోయేలా ఉంటే క్లబ్ ఆయన్ను తీసేసింది. ఆ తర్వాత ఆయన ఎక్కడా మేనేజర్‌గా చేయలేదు. చివరి నాలుగేళ్లు డిమెన్షియాతో గడిచాయి.

సెంటర్ బ్యాక్ అంటే గాల్లో వచ్చే ప్రతి బంతికీ తల అడ్డం పెట్టేవాడు. 2019లో గ్లాస్గో విశ్వవిద్యాలయం పరిశోధకులు స్కాట్లాండ్‌లోని మాజీ ప్రొఫెషనల్ ఆటగాళ్ల మరణాల రికార్డులు పరిశీలించారు. మెదడు క్షీణించే జబ్బులతో చనిపోయే అవకాశం మామూలు జనం కంటే వాళ్లలో దాదాపు 3.5 రెట్లు ఎక్కువని తేలింది. క్లయింట్‌కి ఈ లెక్క తెలుసు. మొదటి రోజే చెప్పాడు: "ఆయన తలతో కొట్టిన ప్రతిసారీ మేం లేచి అరిచేవాళ్లం మేడం." నేను రాసుకున్నాను గానీ, అరుపు గురించి అతను చెప్పబోయేది ఇంకా చాలా ఉందని అప్పుడు పట్టుకోలేకపోయాను.

వచ్చినప్పటి పరిస్థితి

మరణం తర్వాత ఏడు వారాలకు కొడుకు అపాయింట్‌మెంట్ తీసుకున్నాడు. నాన్న రాత్రి మూడింటిదాకా ఫోన్లో పాత మ్యాచ్‌లు చూస్తున్నాడు, తిండి తగ్గింది, ఆఫీసులో ఒకసారి కళ్లనీళ్లు పెట్టుకుంటే ఇంటికి పంపించారు. సీజన్ టికెట్ ఉండి కూడా వరుసగా మూడు హోమ్ మ్యాచ్‌లకి వెళ్లలేదు. ఇరవై ఐదేళ్ల స్నేహితులున్న అభిమానుల సంఘం నుంచి గొడవపడి బయటికొచ్చేశాడు. గొడవ ఎందుకని అడిగితే "నివాళి విషయంలో మాటా మాటా వచ్చింది" అన్నాడు, అంతే.

బతకాలని లేదన్న ఆలోచన వస్తోందా అని నేరుగా అడిగాను. లేదన్నాడు, నమ్మాను. మందు అలవాటు పెరగలేదు. ఏడు వారాలకే జబ్బు పేరు పెట్టడం నాకు ఇష్టం లేదు. దీర్ఘకాలిక దుఃఖ రుగ్మత అనడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా ఐసీడీ-11 ప్రకారం కనీసం 6 నెలలు, పెద్దవాళ్లలో అమెరికా మానసిక వైద్యుల సంఘం మాన్యువల్ డీఎస్ఎం-5-టీఆర్ ప్రకారం కనీసం 12 నెలలు గడవాలి. కాబట్టి ఇది దుఃఖమే, కాకపోతే ఎక్కడో చిక్కుపడింది అనుకుని మొదలుపెట్టాను.

ఇంకో సంగతి. అతను సిగ్గుపడుతున్నాడు. "ఆయనేం నా చుట్టమా" అని నేను అడగకముందే తనే అన్నాడు. దుఃఖం మీద పరిశోధన చేసిన కెనెత్ డోకా 1980ల చివర్లో చెప్పిన 'గుర్తింపు దక్కని దుఃఖం' ఇదే. చుట్టూ ఉన్నవాళ్లు ఏడవడానికి హక్కు ఇవ్వని దుఃఖం. సెలవు ఉండదు, పలకరింపు ఉండదు, పైగా "ఆటగాడి కోసం ఇంతా?" అన్న నవ్వు ఒకటి. ఇంతవరకు నా అంచనా సరైనదే.

నేను తప్పిన చోటు

మొదటి సెషన్ చివర్లో భార్య లోపలికి వచ్చి ఒక మాట అంది: "మా మామగారు పోయినప్పుడు కూడా ఈయన ఇలా లేరండీ." నా చెవిలో గంట మోగింది. నాన్న చేయి పట్టుకుని స్టేడియానికి వెళ్లిన కొడుకు, పదకొండేళ్ల కిందట పోయిన నాన్న, ఇప్పుడు పోయిన కెప్టెన్. పాఠ్యపుస్తకంలో బొమ్మలా కనిపించింది. ఏడవని తండ్రి దుఃఖం కెప్టెన్ రూపంలో బయటికొస్తోంది అనుకున్నాను.

రెండు, మూడు, నాలుగో సెషన్లు నాన్న మీదే నడిపాను. అతను మర్యాదస్థుడు, అడిగినవన్నీ చెప్పాడు. నాన్న గురించి మాట్లాడేటప్పుడు గొంతు మామూలుగా ఉండేది, నవ్వేవాడు కూడా. నాన్న చివరి నెలలు తనే చూసుకున్నాడు, చెప్పుకోవాల్సినవి చెప్పుకున్నారు. దీన్ని నేను 'దుఃఖాన్ని అణచుకోవడం' అని నోట్స్‌లో రాసుకున్నాను. ఇప్పుడు చదివితే నాకే సిగ్గుగా ఉంది. మనిషి బాగానే ఉన్నానంటే, బాగాలేడనడానికి అదే రుజువని రాసుకున్నట్టు.

నాలుగో సెషన్లో తనే ఆపాడు. "మేడం, మా నాన్న కోసం ఏడవాల్సినంత ఏడ్చాను. ఇప్పుడు ఏడుస్తున్నది కెప్టెన్ కోసం. మీరు కూడా ఆయన కోసం ఏడవనివ్వకపోతే ఎట్లా?"

దుఃఖానికి గుర్తింపు దక్కడం లేదని మొదటి రోజే రాసుకున్న నేను, మూడు వారాలపాటు ఆ గుర్తింపు ఇవ్వనివాళ్లలో ఇంకొకరిని అయ్యాను.

అదే వారం ఇంకో తప్పు చేశాను. సీజన్ ఆఖరి హోమ్ మ్యాచ్‌కి క్లబ్ ప్రత్యేక నివాళి ఏర్పాటు చేసింది. మొదట నిమిషం మౌనం, తర్వాత ఆట ఐదో నిమిషంలో చప్పట్లు. చొక్కా నంబరు పడే నిమిషంలో చప్పట్లు కొట్టడం ఇప్పుడు మామూలైపోయింది. నెదర్లాండ్స్ దిగ్గజ ఆటగాడు యోహాన్ క్రైఫ్ చనిపోయిన మర్నాడు, 2016 మార్చి 25న, ఆమ్‌స్టర్‌డామ్‌లో నెదర్లాండ్స్, ఫ్రాన్స్ మ్యాచ్‌ని 14వ నిమిషంలో ఆపేసి మరీ చప్పట్లు కొట్టారు. ఆయనది 14వ నంబరు. పదిమందితో కలిసి నివాళి అర్పిస్తే భారం తగ్గుతుందన్నది నా లెక్క. తప్పించుకు తిరుగుతున్న చోటికి మెల్లగా తిరిగి వెళ్లడం మా పద్ధతుల్లో ఒకటి కూడా. వెళ్లమన్నాను.

వెళ్లాడు. మౌనంలో నిలబడలేక స్టాండ్ వెనక మెట్ల దగ్గరికి పోయాడు. ఐదో నిమిషంలో లోపల చప్పట్లు మొదలైతే బయట గోడకి ఆనుకుని ఉండిపోయాడట. తర్వాతి అపాయింట్‌మెంట్‌కి రాలేదు.

మొదటి ప్రశ్న

తప్పించుకు తిరగడానికి కారణం తెలియకుండా ఎదురు వెళ్లమనకూడదు. ఇది తెలియని విషయమేం కాదు. తెలిసీ తొందరపడ్డాను. ఫోన్ చేసి క్షమాపణ చెప్పాను. తండ్రి గురించి ఇక అడగనని కూడా చెప్పాను. మరుసటి వారం వచ్చాడు.

ఈసారి ప్లాన్ ఏమీ లేకుండా ఒకటే అడిగాను: "చప్పట్లు ఎందుకు కొట్టలేకపోయారు?"

చేతులు చూసుకుంటూ చెప్పాడు. మూడో సీజన్లో, మేనేజర్‌ని తీసేయడానికి రెండు వారాల ముందు, ఒక తెల్ల దుప్పటి మీద బ్యానర్ రాశాడు. ఇద్దరు స్నేహితులు సాయం పట్టారు. మొదటి వరుసలో మేనేజర్‌ని వెళ్లిపొమ్మన్నాడు. రెండో వరుసలో ఒక ఎగతాళి. అది ఏమిటో ఇక్కడ రాయను, ఆ క్లబ్ వాళ్లు ఇట్టే గుర్తుపడతారు. ఆట అయిపోయాక మేనేజర్ తలవంచుకుని వెళ్తూ ఒక్కసారి తలెత్తి చదివాడు. క్లయింట్ ఆయనకి ఇరవై అడుగుల దూరంలో ఉన్నాడు. అన్నేళ్లలో ఇద్దరి కళ్లూ కలిసింది ఆ ఒక్కసారే.

అప్పుడు నాకు తట్టింది. అతను మొదట్నుంచీ 'కెప్టెన్' అంటున్నాడు తప్ప ఒక్కసారి కూడా 'మేనేజర్' అనలేదు. ఆ కాలాన్ని 'ఆ మూడేళ్లు' అంటాడు. నోట్ పుస్తకాల్లో ఆ మూడో సీజన్‌కి జట్టు పేర్లు, స్కోర్లు ఉన్నాయి గానీ వ్యాఖ్య వాక్యాలు లేవని తర్వాత తెలిసింది.

సంఘంలో గొడవ కూడా అప్పుడే అర్థమైంది. మరణం తర్వాత జరిగిన సంతాప సభలో ఆ ఇద్దరు స్నేహితుల్లో ఒకడు మైకు పట్టుకుని, "మనం ఆయన చేయి ఎప్పుడూ వదల్లేదు" అన్నాడట. అందరూ చప్పట్లు కొట్టారు. ఇతను లేచి వచ్చేశాడు. దుఃఖం పంచుకోవడానికి పదివేలమంది ఉన్నారు, కానీ వాళ్లు పంచుకుంటున్న కథలో ఇతను చేసిన పనికి చోటు లేదు.

ఇక్కడ నా సిద్ధాంతం ఒకటి మార్చుకున్నాను. తెరమీద కనిపించేవాళ్లతో ప్రేక్షకులకు ఏర్పడే బంధాన్ని హోర్టన్, వోల్ అనే పరిశోధకులు 1956లోనే వర్ణించారు. అది ఒకవైపు నుంచే నడిచే బంధం, అవతలి మనిషికి మన ఉనికే తెలియదు. నేను ఈ కేసుని ఆ పెట్టెలో పెట్టాను. స్టేడియంలో అలా కాదు. అభిమాని పాట ఆటగాడికి వినిపిస్తుంది. తిట్టు కూడా వినిపిస్తుంది. బ్యానర్ చదువుతాడు. ఒకరి పేరు ఒకరికి తెలియకపోయినా ఇచ్చిపుచ్చుకోవడం జరిగింది. కాబట్టి అపరాధభావం కూడా ఊహలోది కాదు, జరిగిన పనికి సంబంధించినది.

ఓదార్పు పనిచేయలేదు

ఆరో సెషన్లో ఓదార్చడానికి ప్రయత్నించాను. మేనేజర్‌ని తీసేసింది క్లబ్ యాజమాన్యం, దుప్పటి కాదు అన్నాను. అభిమానికి అసంతృప్తి చెప్పే హక్కుంది అన్నాను. అన్నీ నిజాలే, అతని మొహంలో మాత్రం మార్పు లేదు.

తర్వాత హోవర్డ్ కెండల్ సంగతి ఎత్తాను. ఇంగ్లండ్ క్లబ్ ఎవర్టన్‌కి ఆడి 1970లో లీగ్ గెలిచిన జట్టులో ఉన్నాడు, 1981లో అదే క్లబ్‌కి మేనేజర్‌గా వచ్చాడు. 1983 చివర్లో ఆయన్ను పంపించేయాలని అభిమానులు కరపత్రాలు పంచారు. అదే క్లబ్ అభిమానులు 2015 అక్టోబర్ 17న ఆయన పోయిన రోజు ఎవర్టన్ స్టేడియం గుడిసన్ పార్క్‌లో మాంచెస్టర్ యునైటెడ్‌తో మ్యాచ్‌కి వచ్చి నివాళి ఇచ్చారు. మీరొక్కరే కాదు అని చెప్పడం నా ఉద్దేశం.

అతను వెంటనే అన్నాడు: "కెండల్ గెలిచి చూపించాడు కదా మేడం. 84లో ఎఫ్ఏ కప్పు, 85లో లీగ్, యూరప్ కప్ విన్నర్స్ కప్పు, 87లో మళ్లీ లీగ్. ఆ కరపత్రాలు ఇప్పుడు జోకు. మా కెప్టెన్ గెలవలేదు. ఆయన చదివిన ఆఖరి మాట నాదే."

ఫుట్‌బాల్ గురించి క్లయింట్‌కి ఉదాహరణ చెప్పే ముందు నేను కొంచెం ఎక్కువ చదువుకోవాల్సింది.

పనిచేసింది

ఏడో సెషన్లో ఓదార్పు మానేసి లెక్క తేల్చడం మొదలుపెట్టాను. బ్యానర్ మొత్తాన్ని ఒకే తప్పుగా మోస్తున్నాడు. అందుకే ఎవరైనా "అది తప్పు కాదు" అంటే ఒప్పుకోలేడు, "తప్పే" అంటే తట్టుకోలేడు. కాగితం మీద రెండు వరుసలూ రాయమన్నాను. ఒక్కో వరుసకీ అదే ప్రశ్న వేశాను: ఆరోజు తెలిసిన విషయాలతో, ఆరోజు పరిస్థితుల్లో, ఇది మళ్లీ రాస్తారా?

మొదటి వరుస దగ్గర చాలాసేపు కూర్చున్నాడు. "రాస్తాను" అన్నాడు. జట్టు మునిగిపోతోంది, ఆయన మార్పులు చేయడం లేదు, వేరే మేనేజర్ రావాలి. ఈరోజు కూడా అదే అభిప్రాయం. రెండో వరుస దగ్గర మాత్రం ఒక్క క్షణం ఆగలేదు. "ఇది రాయను. ఇది ఆట గురించి కాదు. నవ్వించడానికి రాశాను. నా వెనకాల ఉన్నవాళ్లు నవ్వారు కూడా."

మూడేళ్ల మీద పరుచుకున్న అపరాధం ఒక వరుసకి కుదించుకుంది. చిన్నదైంది అనను, నిజానికి ఇంకా పదునెక్కింది. కానీ ఎత్తగలిగే సైజుకి వచ్చింది. ఆ వారం మొదటిసారి అయిదు గంటలు నిద్రపోయానన్నాడు.

తర్వాత అతను ఆ కుటుంబానికి ఉత్తరం రాస్తానన్నాడు. నాలుగేళ్ల కిందట డిమెన్షియా వార్త వచ్చినప్పుడే కార్డు కొన్నాడట. "ఇప్పుడు చదివినా గుర్తుండదులే" అని సొరుగులో పడేశాడు. అది కూడా మనసులో ఉంది. నేను వద్దన్నాను. సాధారణంగా క్లయింట్ నిర్ణయాల్లో అంత గట్టిగా చెప్పను. ఇక్కడ మూడో మనిషి ఉంది, భర్త పోయిన మనిషి. ఆ రెండో వరుస ఆమెకి తెలుసో తెలియదో మనకి తెలియదు. నేను అడిగింది ఇదే: "ఆమె జవాబు రాయకపోతే?" అతను ఆలోచించి, "పోస్టుమాన్ కోసం ఎదురుచూస్తాను" అన్నాడు. కాసేపాగి తనే ఉత్తరం ఆలోచన వదిలేశాడు. చనిపోయినాయనకే రాశాడు. గదిలో చదివాడు. ఆ కాగితం నా ఫైల్లో ఉంది.

పదో సెషన్‌కి స్నేహితులిద్దరినీ పిలవమన్నాను. ఒంటరిగా నా ముందు చెప్పుకోవడంతో ఇది తీరదని అప్పటికి అర్థమైంది. దుప్పటి పట్టుకున్నవాళ్లతో మాట్లాడితేనే ఆ రోజు పూర్తిగా బయటికొస్తుంది. పిలుపు నేను పంపలేదు, అతన్నే పంపమన్నాను, నా నోటి నుంచి వెళ్తే విచారణలా ఉంటుందని. మైకు పట్టుకున్నవాడు రానన్నాడు. రెండోవాడు వచ్చాడు, గంటలో ముప్పావు భాగం ఏమీ మాట్లాడలేదు. చివర్లో అన్నాడు: "రెండో కొస నేనే పట్టుకున్నాన్రా. నువ్వొక్కడివే మోస్తున్నావేంటి."

నేను అప్పటిదాకా చెప్పినవన్నీ కలిపినా ఆ రెండు వాక్యాలంత పని చేయలేదు. ఇద్దరూ అక్కణ్నుంచి కెప్టెన్ ఆడిన రోజుల మీదకి వెళ్లిపోయారు. ఒక సెమీఫైనల్లో ఆయన నుదుటికి కట్టుతో ఆడిన సంగతి చెప్పుకుని నవ్వారు. గది నాది, కానీ నేనక్కడ లేనట్టే.

ఆఖరి మెట్టు నాకు నచ్చనిది. అభిమానులు నడుపుకునే పత్రికలో బ్యానర్ గురించి రాస్తానన్నాడు. తిట్లు పడతాయని, కుటుంబం చదివే ప్రమాదం ఉందని నేను భయపడ్డాను. అతని వాదన వేరు: "అందరితో కలిసి మౌనంలో నిలబడాలంటే ముందు నేనెవరో వాళ్లకి తెలియాలి." రెండు సెషన్లు వాదించుకున్నాం. చివరికి ఒప్పందం కుదిరింది: రెండో వరుస మాటలు రాయకూడదు, స్నేహితుల పేర్లు ఉండకూడదు, కుటుంబం ప్రస్తావన రాకూడదు, తన పేరు మాత్రం ఉండాలి. పేరు లేకుండా వేయించడం నా సలహా. అతను వద్దన్నాడు, అతనిదే సరైనదని ఇప్పుడు ఒప్పుకుంటాను. ఎవరు ఒప్పుకున్నారో తెలియని ఒప్పుకోలుకి ఎవరూ బదులివ్వలేరు. బూతులు వచ్చాయి. ఎక్కువగా వచ్చినవి మాత్రం "ఆయన్ను వెళ్లిపొమ్మన్న పాట నేనూ పాడాను" అన్న ఉత్తరాలు.

నేను మార్చుకున్నవి

ప్రముఖుల మరణం తర్వాత ఎవరైనా వస్తే "దీని వెనక ఎవరున్నారు" అని ఇప్పుడు మొదట్లోనే వెతకను. వెనక ఎవరో ఉండొచ్చు. ఉంటే వాళ్లే వస్తారు. మొదట ఆ పోయిన మనిషి గురించే అడుగుతాను, అభిమాని చెప్పిన పేరుతోనే. 'కెప్టెన్' అంటే కెప్టెన్. ఏ పేరు వాడటం లేదో కూడా వింటాను.

ఆటగాడిగా ఉండి మేనేజర్ అయినవాళ్ల విషయంలో ఇది ఇంకా ముఖ్యం. ఆటగాడిగా ఆయన్ను మోసినవాళ్లే మేనేజర్‌గా ఆయన్ను దించారు. నివాళిలో ఒక సగమే వినిపిస్తుంది. రెండో సగం తెలిసినవాళ్లు ఆ గుంపులో చాలామంది ఉంటారు, ఎవరికి వాళ్లు తామొక్కరమే అనుకుంటారు. క్లబ్‌లకి నేను సలహా ఇవ్వగలిగితే, సంతాప పుస్తకం వారంలో మూసేయకుండా సీజన్ అంతా ఉంచమంటాను. ఏడు వారాలకు గానీ నోరు తెరవలేని మనిషికి అప్పటికి రాసే పేజీ ఉండాలి.

నాకు ఇంకా తేలనిది ఒకటుంది. స్నేహితుడు రాకపోతే ఏం చేసేదాన్నో తెలియదు. ఈ కేసులో బాగుపడినదాంట్లో సగం అదృష్టమే.

ఆ తర్వాత

పద్నాలుగు సెషన్లతో ముగించాం. కొత్త సీజన్లో స్టేడియానికి వెళ్తున్నాడు, ప్రతి మ్యాచ్‌కీ కాదు. చివరి రోజు మూడో సీజన్ నోట్ పుస్తకం తెచ్చాడు. ఖాళీగా వదిలిన చోట్ల వ్యాఖ్యలు రాశాడు. ఒకచోట "మేనేజర్ ఈరోజు సరైన మార్పు చేశాడు, ఆలస్యంగా" అని ఉంది.

మూడు నెలల తర్వాత ఫాలోఅప్ కాల్ చేశాను. నిద్ర బాగానే ఉంది. సంఘంలోకి తిరిగి వెళ్లలేదు, వెళ్లాలని లేదు. మైకు పట్టుకున్న స్నేహితుడి నుంచి అంతకు ముందు వారం మెసేజ్ వచ్చిందట. ఇన్నేళ్లూ ఆ దుప్పటి వాళ్లింటి అటక మీదే ఉంది. ఏం చేద్దామని అడిగాడట. కాల్చేయడానికి మనసు రావడం లేదని, దాచుకోవడానికి కూడా రావడం లేదని రాశాడట. క్లయింట్ ఇంకా జవాబు ఇవ్వలేదు. వచ్చే ఆదివారం ముగ్గురూ కూర్చుని దాన్ని ఒకసారి విప్పి చూద్దామనుకుంటున్నానని చెప్పాడు.